బోరు మోటరు డబ్బాలో ఆర్డుయినో యూనో: 2048 బైట్లలో మెసేజ్ చదివించడం

ఆర్డుయినో యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద రివ్యూలకు కొదవ లేదు. ఎక్కువమంది ఒక ఎల్ఈడీ వెలిగించి, ఒక సెన్సార్ చదివి, ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. నేను దాన్ని పెట్టిన పని వేరు. నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటర్లకు ఫోన్‌తో నడిచే స్టార్టర్ డబ్బాలు తయారుచేసి బిగించడం నా వృత్తి. డబ్బాలో ఒక యూనో, సిమ్ వేసుకుని మెసేజ్‌లు అందుకునే ఒక జీఎస్ఎం మాడ్యూల్, బోర్డు మాట విని నడిచే రెండు స్విచ్‌లు (రిలేలు), మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టర్ ఉంటాయి. రైతు ఇంటి దగ్గర నుంచి మెసేజ్ పెడతాడు. మాడ్యూల్ ఆ మెసేజ్‌ని సీరియల్ వైరు మీద ఒక్కో అక్షరంగా యూనోకు పంపిస్తుంది. వచ్చిన అక్షరాన్ని ఏ రకం వేరియబుల్‌లో (కోడ్ విలువను దాచుకునే చోటులో) పట్టుకున్నాం, వాక్యాన్ని ఎక్కడ పెట్టాం, అందులోని అంకెను ఎప్పుడు సంఖ్యగా మార్చాం అన్న దాన్ని బట్టే మోటరు మాట వింటుందా లేదా అన్నది తేలుతుంది. ఈ రివ్యూ ఆ ఒక్క విషయం మీదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ పనికి యూనో ఆర్3 బాగా సరిపోతుంది. పెద్ద బోర్డు అక్కర్లేదు. కాకపోతే డేటా టైపుల విషయంలో, అంటే ఏ విలువకు ఎంత చోటు, ఏ రకం చోటు ఇచ్చామన్న విషయంలో, ఇది ఏమాత్రం దయ చూపదు. ఎక్కడ ఏ టైపు వాడాలో తెలిసి వాడితే ఏళ్ల తరబడి నడుస్తుంది. తెలియకపోతే టేబుల్ మీద చక్కగా పనిచేసి, పొలంలో మొరాయిస్తుంది.

బోర్డులో ఉన్న చిప్ ఏటీమెగా 328పీ. 8 బిట్ల ప్రాసెసర్, 16 మెగాహెర్ట్జ్ వేగం. ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ 32 కేబీ, కరెంటు పోయినా చెరగని ఈఈప్రామ్ 1 కేబీ, పని చేసుకోవడానికి ర్యామ్ 2 కేబీ. అంటే 2048 బైట్లు. ఈ చివరి సంఖ్యను గోడ మీద రాసి పెట్టుకోవాలి.

మునుగోడు దిక్కు ఒక బత్తాయి తోటలో వేరేవాళ్లు బిగించిన డబ్బా చూడమని నన్ను పిలిచారు. తోట పెద్దాయన చెప్పింది ఇది: "బిడ్డా, పెట్టిన నాలుగు రోజులు మంచిగనే నడుస్తది. తర్వాత మెసేజ్ పెడితె పలకదు. ఫ్యూజు పీకి మళ్ల పెడితె మళ్ల మంచిగైతది. రాత్రిపూట గీ ఫ్యూజు కోసం తోటకు పోవుడేంది?" డబ్బా చేసిన కుర్రాడితో ఫోన్లో మాట్లాడితే, మంచి మనసుతో కోడ్ మొత్తం పంపించాడు. వైరింగ్ శుభ్రంగా ఉంది, రిలేలు బాగున్నాయి. జబ్బు అంతా ఒక్క చోట ఉంది. వచ్చిన ప్రతి అక్షరాన్నీ పెద్ద ఎస్‌తో రాసే స్ట్రింగ్ ఆబ్జెక్ట్‌కు, అంటే అవసరాన్ని బట్టి పెరిగే టెక్స్ట్ రకానికి, కలుపుకుంటూ పోయాడు.

నేర్పేవాళ్లు మొదట చూపించేది అదే కాబట్టి అతన్ని అనడానికి లేదు. స్ట్రింగ్ వాడటం సులువు, ప్లస్ గుర్తు పెడితే చాలు అతుక్కుంటుంది. లోపల జరిగేది మాత్రం బరువైన పని. అక్షరం కలపగానే ఉన్న చోటు చాలకపోతే, ర్యామ్‌లో ఇంకో చోట కొంచెం పెద్ద స్థలం తీసుకుని, పాతదంతా అక్కడికి కాపీ చేసి, పాత స్థలాన్ని వదిలేస్తుంది. నంబర్‌కు ఒక స్ట్రింగ్, మెసేజ్‌కు ఒకటి, జవాబుకు ఇంకొకటి ఇలా చేస్తూ ఉంటే ర్యామ్ అంతా ముక్కలు ముక్కలుగా ఖాళీలు పడుతుంది. దేవరకొండ బస్సులో అక్కడొక సీటు, ఇక్కడొక సీటు ఖాళీగా ఉన్నా, ఐదుగురున్న కుటుంబానికి ఒక్కచోట కూర్చునే వీలు దొరకనట్టే, మొత్తం మీద 400 బైట్లు ఖాళీగా ఉన్నా 160 బైట్ల మెసేజ్‌కు ఒక్కచోట స్థలం దొరకదు. దొరకనప్పుడు బోర్డు ఏ హెచ్చరికా ఇవ్వదు. అక్షరం కలవదు, అంతే. మెసేజ్ సగమే ఉంటుంది, సగం మెసేజ్ ఏ కమాండ్‌కూ సరిపోదు, మోటరు పలకదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. కరెంటు రోజూ పోయి వచ్చే కాలంలో ఈ జబ్బు బయటపడేది కాదు. కరెంటు పోయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అయి ర్యామ్ ఖాళీ అయ్యేది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, బోర్డు రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. ఖాళీలు పేరుకుపోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. అందుకే టేబుల్ మీద సాయంత్రం దాకా టెస్ట్ చేసి పాసైందని చెప్పే కోడ్‌ను నేను నమ్మను.

కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్, ఐడీఈ కూడా ఇక్కడ మనల్ని పూర్తిగా కాపాడదు. కంపైల్ చేశాక (కోడ్‌ను చిప్ భాషలోకి మార్చాక) గ్లోబల్ వేరియబుల్స్, అంటే మొదటి నుంచి చివరిదాకా ఉండేవి, ఎన్ని బైట్లు తిన్నాయో చూపిస్తుంది, 75 శాతం దాటితే మెమరీ తక్కువుందని హెచ్చరిస్తుంది. అది మంచి సదుపాయమే. కానీ స్ట్రింగ్ ఆబ్జెక్టులు నడుస్తున్నప్పుడు తీసుకునే స్థలం ఆ లెక్కలోకి రాదు. అదే పని చార్ అర్రేతో, అంటే గడికో అక్షరం పట్టే, ముందే కొలత తేల్చిన వరసతో చేస్తే గ్లోబల్‌గా ప్రకటించిన ప్రతి బైటూ ఆ లెక్కలో కనిపిస్తుంది. కంపైల్ అయిన రోజు ఎంత మిగిలిందో, ఏడాది తర్వాత కూడా అంతే మిగులుతుంది. నేను చార్ అర్రే వైపే నిలబడటానికి మొదటి కారణం ఇదే.

ఆ తోట డబ్బాలో స్ట్రింగ్‌లు మొత్తం తీసేసి 161 గడుల చార్ అర్రే ఒకటి పెట్టాను. ఇంగ్లీష్ అక్షరాల మెసేజ్ గరిష్ఠంగా 160 ఉంటుంది, చివర్లో వాక్యం అయిపోయిందని చెప్పే సున్నా బైట్‌కు ఒక గడి. ఎన్నో గడిలో ఉన్నామో గుర్తుపెట్టుకోవడానికి 8 బిట్ల అన్‌సైన్డ్ (మైనస్ లేని సంఖ్యల టైపు) సరిపోతుంది, అది 255 దాకా లెక్కపెడుతుంది. గడులు నిండిపోతే కొత్త లైను గుర్తు వచ్చేదాకా మిగతా అక్షరాలు చదివి పారేయాలి. ఈ ఒక్క షరతు మరిచిపోతే అర్రే దాటి పక్కనున్న వేరియబుల్స్ మీద రాసేస్తుంది, బోర్డు దాన్నీ ఆపదు. ఇప్పుడు ఆ డబ్బా ఫ్యూజు పీకే అవసరం లేకుండా నడుస్తోంది.

ఇక ఒక్కో అక్షరం చదవడం సంగతి. సీరియల్ రీడ్ ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఇంట్, అంటే యూనోలో రెండు బైట్ల పూర్ణ సంఖ్య. అక్షరం ఒక బైటే కదా, ఇంట్ ఎందుకు అని చాలామంది అడుగుతారు. బైట్‌లో 0 నుంచి 255 దాకా ఏ విలువైనా నిజమైన డేటా కావచ్చు. ఏమీ రాలేదని చెప్పడానికి ఆ 256 విలువలకు బయట ఇంకొకటి కావాలి, అదే మైనస్ 1. దీన్ని నేరుగా బైట్ టైపులో పట్టుకుంటే మైనస్ 1 కాస్తా 255 అయిపోతుంది. మైనస్ 1 వచ్చేదాకా చదువుతూ ఉండు అని లూప్ రాస్తే, అది ఎప్పటికీ రాదు, బోర్డు అక్కడే తిరుగుతూ ఉంటుంది. ముందు ఇంట్‌లో పట్టుకుని, మైనస్ 1 అవునా కాదా చూసి, కాదని తేలాకే చార్‌గా మార్చి అర్రేలో పెట్టాలి. ఒక బైటు ఎక్కువైతే అయింది.

జీఎస్ఎం మాడ్యూల్ మెసేజ్ పంపేటప్పుడు మొదటి లైనులో నంబరు, తేదీ, టైము వస్తాయి, రెండో లైనులో రైతు రాసింది వస్తుంది. ప్రతి లైను చివరా కంటికి కనిపించని రెండు బైట్లు ఉంటాయి: 13, 10. పదిని చూసి లైను అయిపోయిందనుకుని ఆగితే 13 మాత్రం మెసేజ్ చివర అతుక్కుని ఉంటుంది. తెర మీద రెండు మెసేజ్‌లూ ఒకేలా కనిపిస్తాయి, పోల్చి చూస్తే సరిపోవు. 13ని అర్రేలోకి రానివ్వకపోవడమే మందు. ఇంకా, ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది, చివర ఒక ఖాళీ కూడా వదులుతుంది. కాబట్టి పోల్చే ముందు అన్నీ పెద్దక్షరాలు చేసి, చివరి ఖాళీలు కత్తిరించాలి. చార్ అర్రేలో ఇది నాలుగు లైన్ల పని, కొత్తగా ఒక్క బైటు కూడా అడగదు.

తెలుగులో మెసేజ్ పెట్టే రైతులు ఉన్నారు, వాళ్లకు పనిచేయని డబ్బా నేను అమ్మను. మాడ్యూల్ తెలుగు మెసేజ్‌ను యూనికోడ్ హెక్సా అంకెలుగా (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) ఇస్తుంది, ఒక్కో గుర్తుకు నాలుగు అక్షరాలు. 'ఆన్' అంటే ఆ, న, పొల్లు కలిపి మూడు గుర్తులు, పన్నెండు అక్షరాలు. 'ఆఫ్' కూడా పన్నెండే. రెండింటికీ మధ్య తేడా ఎనిమిదో అక్షరంలో మాత్రమే ఉంది: 'న'కు అక్కడ 8 వస్తుంది, 'ఫ'కు బీ వస్తుంది. మిగతా పదకొండూ ఒకటే. ఎవరైనా మెమరీ పొదుపు చేద్దామని మొదటి ఆరేడు అక్షరాలే పోల్చి వదిలేస్తే, ఆఫ్ చేయమన్న మోటరు ఆన్ అవుతుంది. పూర్తిగా పోల్చాలి. తెలుగు మెసేజ్‌లో 70 గుర్తులుంటాయి కాబట్టి హెక్సాలో అది 280 అక్షరాల దాకా రావచ్చు. మన 161 గడుల్లో అది పట్టదు, పట్టాల్సిన పనీ లేదు. కమాండ్ మొదట్లోనే ఉంటుంది, మిగతాది పారేసే షరతు ఎలాగూ పెట్టుకున్నాం.

ఫోన్ నంబరు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇది భద్రత విషయం. యజమాని నంబరు నుంచి వచ్చిన మెసేజ్‌కే డబ్బా స్పందించాలి. నంబరు అంకెలే కదా అని కొందరు దాన్ని అన్‌సైన్డ్ లాంగ్‌లో పెడతారు. యూనోలో అన్‌సైన్డ్ లాంగ్ 32 బిట్లు, పట్టే గరిష్ఠ సంఖ్య 429 కోట్ల 49 లక్షల 67 వేల 295. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. అన్నిటికన్నా చిన్నదైనా 600 కోట్లకు తక్కువ ఉండదు. అంటే ఒక్క నంబరు కూడా అందులో పట్టదు. చేత్తో పదితో గుణించుకుంటూ సంఖ్య కడితే 900 కోట్లు కాస్తా 41,00,65,408 అయి కూర్చుంటుంది. ఇంకా ప్రమాదమైనది, టెక్స్ట్‌ని అన్‌సైన్డ్ లాంగ్‌గా మార్చే లైబ్రరీ ఫంక్షన్ వాడటం. పట్టని సంఖ్య ఇస్తే అది గరిష్ఠ విలువను తిరిగి ఇస్తుంది. రాష్ట్రంలో ఉన్న ప్రతి నంబరూ అదే 429 కోట్ల సంఖ్యగా మారిపోతుంది. ఎవరు మెసేజ్ పెట్టినా యజమానే అనుకుని డబ్బా తలుపు తీస్తుంది.

ఫోన్ నంబర్‌తో మనం కూడికలు, తీసివేతలు చేయం. అది టెక్స్ట్‌గా వచ్చింది, టెక్స్ట్‌గానే ఉండనివ్వాలి. ప్లస్, 91, పది అంకెలు, చివరి సున్నా బైటు కలిపి 14 గడుల చార్ అర్రే. పదిమంది నంబర్లు దాచినా 140 బైట్లే, అవి ఈఈప్రామ్‌లో పెడితే కరెంటు పోయినా ఉంటాయి. పోల్చేటప్పుడు చివరి పది అంకెలు చూస్తే చాలు. అదే లైనులో టైము చివర ప్లస్ 22 అని వస్తుంది. మన టైమ్ జోన్ ఐదున్నర గంటలు, అందులో 22 పావుగంటలు ఉన్నాయని దాని లెక్క. దాన్ని కూడా నేను సంఖ్యగా మార్చను, లాగ్‌లో ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను.

సంఖ్యగా మార్చాల్సింది ఒక్కటే: మోటరు ఎన్ని నిమిషాలు నడవాలన్నది. మా దిక్కు దీని విలువ అందరికీ తెలుసు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది, బోరులో నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండవు. నీళ్లు దిగిపోయాక మోటరు ఖాళీగా తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. రైతు ఆరు గంటలు నడవమని 360 పంపాడనుకోండి. బైట్ టైపులో పెడితే 360లో 256 పోయి 104 మిగులుతుంది, మోటరు గంటా నలభై నాలుగు నిమిషాలకే ఆగుతుంది. మడి సగం తడవదు. సెకన్లలో లెక్క పెడదామని ఇంట్ తీసుకుంటే, యూనోలో ఇంట్ 16 బిట్లే, 32,767 దాటదు. పది గంటలంటే 36,000 సెకన్లు, అది మైనస్ 29,536 అవుతుంది. నిమిషాలకు 16 బిట్ల అన్‌సైన్డ్ పెట్టి, మిల్లీసెకన్లలోకి మార్చే గుణకారం మొత్తం 32 బిట్ల అన్‌సైన్డ్‌లో చేయాలి. గుణించే అంకెల్లో మొదటిదే అన్‌సైన్డ్ లాంగ్ అని రాయాలి, లేదంటే ఫలితం పెట్టే చోటు పెద్దదైనా గుణకారం 16 బిట్లలోనే జరిగి పాడవుతుంది. మిల్లీసెకన్ల గడియారం 49 రోజులు దాటాక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కరెంటు పోని డబ్బాకు ఆ రోజు తప్పకుండా వస్తుంది. ఇప్పటి టైములోంచి మొదలుపెట్టిన టైమును తీసివేసి పోల్చితే, రెండూ అన్‌సైన్డ్ లాంగ్ అయినంతకాలం ఆ రోజు కూడా లెక్క తప్పదు.

మార్చే ముందు అన్నీ అంకెలేనా అని చూడటం తప్పనిసరి. 'పది' అని అక్షరాల్లో రాసి పంపితే మార్చే ఫంక్షన్ సున్నా ఇస్తుంది, అది నిజంగా సున్నానా, అర్థం కాలేదనా అన్నది చెప్పదు. అర్థం కాకపోతే మోటరు ముట్టుకోకుండా, మళ్లీ పంపమని రైతుకు జవాబు పెట్టడమే సరైన పద్ధతి.

వేగం గురించి కొంచెం. సీరియల్ వైరు వేగాన్ని బాడ్‌లలో కొలుస్తారు. 9600 బాడ్ దగ్గర సెకనుకు 960 అక్షరాలు వస్తాయి. బోర్డు తనంతట దాచుకునే బఫర్ 64 బైట్లు, అంటే 70 మిల్లీసెకన్ల లోపే నిండిపోతుంది. మధ్యలో ఎక్కడ ఒక సెకను డిలే పెట్టినా మెసేజ్ తోక తెగుతుంది. రీడ్‌స్ట్రింగ్, పార్స్‌ఇంట్ లాంటి రెడీమేడ్ ఫంక్షన్లు ఇంకేమైనా వస్తుందేమోనని ఒక సెకను దాకా ఎదురుచూస్తాయి. ఆ సెకనులో మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మన కోడ్ చూడదు. మోటరు కాపాడాల్సిన డబ్బా అలా కళ్లు మూసుకోకూడదు. ప్రతి లూప్‌లో వచ్చినన్ని అక్షరాలు తీసుకుని వెంటనే మిగతా పనికి వెళ్లిపోవడమే మేలు.

బోర్డులో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. నిజమైన సీరియల్ పోర్టు ఒక్కటే ఉంది, అదీ యూఎస్‌బీతో పంచుకోవాలి. జీఎస్ఎం మాడ్యూల్‌కు సాఫ్ట్‌వేర్ సీరియల్ (మామూలు పిన్నులను కోడ్‌తో సీరియల్ పోర్టులా నడపడం) వాడక తప్పదు, అది 9600 దగ్గర నమ్మకంగా ఉంటుంది, 115200 దగ్గర అక్షరాలు తప్పుతాయి. మాడ్యూల్ సిగ్నల్ కోసం ఒక్కసారిగా 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ కరెంటు యూనో నుంచి ఇవ్వకూడదు, విడిగా సప్లై పెట్టాలి. 2జీ మాడ్యూల్ కొనేవాళ్లు జియో సిమ్ వేయాలనుకుంటే ఆగండి, జియోకు 2జీ లేదు. నల్లగొండ వేసవిలో 44, 45 డిగ్రీలు వచ్చినప్పుడు రేకు డబ్బా లోపల ఇంకా కాగుతుంది, గాలి ఆడేలా రంధ్రాలు, పైన నీడ చూసుకోవాలి.

క్లోన్ బోర్డులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒరిజినల్ కన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. చిప్ అదే అయినప్పుడు నేను పైన చెప్పిన లెక్కలన్నీ వాటికీ వర్తిస్తాయి. యూఎస్‌బీ చిప్ వేరుగా ఉంటుంది కాబట్టి దాని డ్రైవర్ ఎక్కించుకోవాలి. నేర్చుకోవడానికి క్లోన్ చాలు. రైతు పొలంలో పెట్టేదానికి నేను ఒరిజినలే తీసుకుంటాను, వోల్టేజ్ రెగ్యులేటర్, సోల్డరింగ్ విషయంలో నాకు భరోసా ఉంటుంది.

2023లో వచ్చిన యూనో ఆర్4 మినిమాలో 32 కేబీ ర్యామ్ ఉంది, వేగం 48 మెగాహెర్ట్జ్, 0, 1 పిన్నులు యూఎస్‌బీతో పంచుకోనక్కర్లేదు. సీరియల్ పనికి ఇది మంచి మార్పు. కానీ ఇందులో ఇంట్ 32 బిట్లు. ఆర్4 మీద రాసి, సరిగ్గా నడిచిన కోడ్‌ను ఆర్3లోకి ఎక్కిస్తే పది గంటల లెక్క అక్కడ తప్పుతుంది. అందుకే నేను ఇంట్, లాంగ్ అని రాయడం మానేసి, ఎన్ని బిట్లో పేరులోనే ఉండే టైపులు రాస్తాను. ఏ బోర్డు మీదైనా వాటి కొలత మారదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి సీరియల్ పోర్టు ఒక్కటే ఉన్నందుకు. మెసేజ్‌తో పాటు జీపీఎస్, డిస్‌ప్లే అన్నీ ఒకే డబ్బాలో సీరియల్ మీద నడపాలనుకునేవాళ్లు ఆర్3 కొనొద్దు, నాలుగు హార్డ్‌వేర్ పోర్టులున్న మెగా 2560 తీసుకోండి. ఒక మోటరు, ఒక సిమ్, పదిమంది నంబర్లు అయితే ఆర్3 తీసుకోండి. కోడ్ కంపైల్ చేశాక కనీసం 600 బైట్లు మిగిలాయో లేదో చూసి, మార్చాల్సిన అవసరం లేని మెసేజ్ వాక్యాలన్నీ ఎఫ్ మ్యాక్రోతో (వాక్యం చుట్టూ F( ) అని రాసి) ఫ్లాష్‌లోకి పంపించి, అప్పుడు డబ్బా మూత బిగించండి.